పందెపు విమానము, ఉత్తరాల సంచి

కృష్ణా జిల్లా మెట్టప్రాంతములో పందెమన్న మాటకు రెండర్థాలున్నవి. ఒకటి పరుగు, రెండవది బండలాగుడు. తిరునాళ్ళ రోజులలో నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపట్ల ఎడ్లజతలను కాడికి కట్టి పెద్ద రాతిబండను లాగించుట ఈ సీమవారికి తెలిసిన వేడుకయే. ఏ జత ముందుగా గీత దాటినదని అక్కడ చూడరు. ఇచ్చిన వ్యవధిలో, కట్టిన బరువును, ఏ జత ఎంత దూరము లాగినదని చూతురు. పరుగుపందెములో కేకలు వేసి చప్పట్లు కొట్టిన రైతే, ఎడ్లను బేరమాడబోయినప్పుడు మాత్రము వాటి మెడబలము, డెక్కల పట్టు పరిశీలించును. బరువు మోయని వేగము వేడుకకు చాలును కాని వ్యవసాయానికి చాలదని అతనికి తెలియును.

విమానయాన చరిత్రలోని తొలి దూరపు పందేలను గురించి ముచ్చటించబోవుచు ఈ ఎడ్ల ప్రసక్తి తెచ్చుటకు కారణమున్నది. ఆ పందేలలో ఎవరు ముందు వచ్చినారన్నది పుస్తకాలలో పెద్ద అక్షరాలతో ఉన్నది. ఎవరు ఎంత బరువు మోసి, వేళకు చేర్చినారన్నది చిన్న అక్షరాలతో ఉన్నది. మన జీవితాలను మార్చినది ఈ రెండవదే అని మా అభిప్రాయము. అది ఎట్లో క్రమముగా చూతము.

వేల మైళ్ళ లెక్కలు చెవికి వినబడును గాని మనస్సుకు ఎక్కవు. కాబట్టి మనకు తెలిసిన దూరమునే కొలబద్దగా తీసికొందము. నందిగామ నుండి జగ్గయ్యపేటకు సుమారు 30 కిలోమీటర్లు. బెజవాడ నుండి హైదరాబాదు పోవు పెద్ద బాట మీదనే ఈ రెండు ఊళ్ళును ఉన్నవి. బరువుతో పోవు ఎద్దుబండికి ఇది ఏడెనిమిది గంటల ప్రయాణము. రాత్రి భోజనము చేసి బండి కట్టినచో తెల్లవారుజామునకు చేరుట. ఈ దూరమును ఆనాటి విమానాలు ఎంతసేపటిలో దాటగలిగెడివో లెక్క వేసికొనుచు పోయినచో పందేల కథ మనకు సుబోధకమగును.

దూరపు పందేలలో తొలినాటిది, పేరుపొందినది, 1910 ఏప్రిలులో జరిగిన లండను–మాంచెస్టరు పందెము. ‘డెయిలీ మెయిల్’ పత్రిక 10,000 పౌనుల బహుమానము ప్రకటించినది. 24 గంటలలోగా చేరవలెను. దారిలో రెండుసార్లకు మించి దిగరాదు. ఫ్రాన్సుకు చెందిన లూయీ పౌలాన్, ఇంగ్లండుకు చెందిన క్లాడ్ గ్రాహాంవైట్ పోటీపడినారు. పౌలాన్ రైలుపట్టాలను ఆనవాలు పెట్టుకొని, తన కొరకు నడుచుచున్న ప్రత్యేకపు రైలును అనుసరించి ఎగిరినాడు. వెనుకబడిన గ్రాహాంవైట్ రాత్రివేళ ఎగురుటకు తెగించినాడు. మిత్రులు నేలమీద మోటారుకార్ల దీపాలు వెలిగించి అతనికి దారి చూపినారు. తుదకు ఏప్రిలు 28వ తేదీ ఉదయమున పౌలాన్ గెలిచినాడు. దూరము సుమారు 300 కిలోమీటర్లు, అనగా బెజవాడ నుండి హైదరాబాదు దూరము కన్న కొంచెము ఎక్కువ. గాలిలో ఉన్న కాలము 4 గంటల 12 నిమిషాలు. మన కొలబద్ద ప్రకారము నందిగామ నుండి జగ్గయ్యపేటకు ఇరువదియైదు, ఇరువదియారు నిమిషాలు. బరువు మాటకు వచ్చినచో, విమానము మోసినది ఒక్క మనిషిని మాత్రమే.

దీనికి మరుసటి సంవత్సరమే మన దేశములో మరొక ప్రయాణము జరిగినది. అది పందెము కాదు. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో జరుగుచున్న ప్రదర్శన సందర్భములో ఆన్రీ పెకే అను ఫ్రెంచి యువకుడు సుమారు 6,500 ఉత్తరాల సంచిని విమానములో పెట్టుకొని యమునానదిని దాటి నైనీలో దింపినాడు. ప్రయాణము పావుగంట కూడ పట్టలేదు. ప్రపంచములో అధికారికముగా జరిగిన మొట్టమొదటి వైమానిక తపాలా ఇదే. పౌలాన్ సాధించిన దూరముతో పోల్చినచో ఇది పిల్లవాని ఆట వలె కనబడును. కాని విమానము మనిషి సాహసమును మాత్రమే కాక, ఇతరుల సొత్తును గూడ మోయగలదని ఆ రోజున తెలిసినది. అప్పటి నుండి ఆకాశములో రెండు దారులేర్పడినవి. ఒకటి పౌలాన్ దారి, రెండవది పెకే దారి. అవి రెండును ఎక్కడ కలిసినవో చూచుటయే ఈ వ్యాసము పని.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట 1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వము 10,000 పౌనుల బహుమానము ప్రకటించినది. ఆస్ట్రేలియా వైమానికులు ఇంగ్లండు నుండి తమ దేశమునకు 30 రోజులలోగా ఎగిరిపోవలెను. ఆరు విమానాలు బయలుదేరినవి. వాటిలో డార్విను చేరినవి రెండే. డగ్లస్, రాస్ అను ఇద్దరు నవంబరు 13న బయలుదేరిన కొద్ది నిమిషాలకే లండను శివార్లలో కూలి మరణించినారు. హోవెల్, ఫ్రేజర్ అను మరి ఇద్దరు డిసెంబరులో గ్రీసు దేశపు కోర్ఫూ ద్వీపము చెంత సముద్రములో పడి మరణించినారు. యుద్ధమును దాటి బ్రతికివచ్చిన యువకులు పందెములో ప్రాణాలు పోగొట్టుకొన్నారు.

గెలిచినవారు రాస్ స్మిత్, ఆయన సోదరుడు కీత్ స్మిత్, యంత్రకారులు బెన్నెట్, షయర్స్. వారి విమానము వికర్స్ విమీ. యుద్ధములో బాంబులు వేయుటకై నిర్మింపబడిన రకము. నవంబరు 12న లండను చెంత హౌన్‌స్లోలో బయలుదేరి, కరాచీ, దిల్లీ, అలహాబాదు, కలకత్తా, రంగూను, సింగపూరుల మీదుగా డిసెంబరు 10న డార్విను చేరినారు. మొత్తము 27 రోజుల 20 గంటలు; గాలిలో ఉన్నది సుమారు 136 గంటలు. కలకత్తాలోను, రంగూనులోను వారు దిగినది గుర్రపుపందేల మైదానాలలో. విమానాశ్రయమనునది ఇంకను ఏర్పడని రోజులవి. జావాద్వీపమున సురబాయాలో విమానము బురదలో దిగబడినది. అక్కడి ప్రజలు తమ ఇండ్ల నుండి వెదురుచాపలు తెచ్చి నేలమీద పరచినారు. ఆ చాపల బాట మీద పరుగెత్తి విమీ మరల గాలిలోకి లేచినది. ఆ చాపలు ఇచ్చినవారి పేర్లు ఏ బహుమానపు జాబితాలోను లేవు.

విమీ వేగమున నందిగామ–జగ్గయ్యపేట దూరము 14 నిమిషాలు. తొమ్మిదేండ్లలో వేగము దాదాపు ఇంతలింతలైనది. కాని రాస్ స్మిత్ ఆ కీర్తిని మూడేండ్లు కూడ అనుభవించలేదు. 1922 ఏప్రిలులో క్రొత్త విమానమును పరీక్షించుచు ఆయన, బెన్నెట్ ఇద్దరును మరణించినారు.

ఈ పందెములో మన దేశపు పాత్ర ఏమిటి? మైదానాలిచ్చినాము, పెట్రోలు పోసినాము, గుమిగూడి చూచినాము. అంతే. కరాచీ, దిల్లీ, అలహాబాదు, కలకత్తా ఒక తాడు మీది ముడుల వలె ఇంగ్లండు–ఆస్ట్రేలియా మార్గమునకు మజిలీలైనవి. వింధ్యకు దక్షిణమున ఉన్న తెలుగుదేశము ఆ తాడుకు చాల దూరములో ఉండిపోయినది. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు లండను–కరాచీ తపాలా విమానమును ప్రారంభించినారు. ఉత్తరము వారము రోజులలో కరాచీ చేరుచుండెను. అక్కడ నుండి మద్రాసుకు గాని, బెజవాడకు గాని రావలెనన్న రైలే దిక్కు. ఆకాశములో సంపాదించిన కాలములో కొంత నేలమీద ఖర్చగుచుండెను.

భారతీయులు తామే పందెములో దిగిన సంవత్సరము 1930. ఇంగ్లండు–భారతదేశముల మధ్య ఏ దిక్కునుండియైనను ఒంటరిగా ఎగిరిన తొలి భారతీయునికి 500 పౌనులు ఇత్తునని ఆగాఖాన్ ప్రకటించినారు. ముగ్గురు యువకులు పూనుకొన్నారు. మన్‌మోహన్ సింగ్ ఇంగ్లండు నుండి బయలుదేరినాడు. అతని విమానము పేరు ‘మిస్ ఇండియా’. ఒకటి రెండుసార్లు దారి తప్పి వెనుదిరిగినందున, అతడు నిజముగానే ఇండియాను ‘మిస్’ అగునేమోయని ఇంగ్లండు పత్రికా సంపాదకుడొకడు పరిహాసమాడినాడు. మన్‌మోహన్ పట్టు విడువక కరాచీ చేరనే చేరినాడు గాని గడువు దాటిపోయినందున బహుమానము దక్కలేదు. రెండవవాడు ఆస్పీ ఇంజనీర్. వయస్సు 17 ఏండ్లు. ఆ మార్చి నెలలోనే ఆర్.ఎన్. చావ్లాతో కలిసి కరాచీ నుండి ఇంగ్లండుకు ఎగిరిపోయి, అక్కడ నుండి ఒంటరిగా తిరుగు ప్రయాణము పెట్టుకొన్నాడు. మూడవవాడు జె.ఆర్.డి. టాటా. 1929 ఫిబ్రవరి 10న మన దేశములో విమానచోదకుని అనుమతిపత్రము పొందిన మొదటివాడు. ఆయన మే 3న కరాచీ నుండి ఎదురుదిక్కుగా బయలుదేరినాడు.

ఎదురెదురుగా వచ్చుచున్న ఈ ఇద్దరును ఈజిప్టులో అలెగ్జాండ్రియా చెంత అబూకిర్‌లో కలిసికొన్నారు. ఆస్పీ విమానపు స్పార్కు ప్లగ్గులు చెడి, వేరే ప్లగ్గులు దొరకక అక్కడ చిక్కుపడి ఉన్నాడు. టాటా తన దగ్గర ఉన్న అదనపు ప్లగ్గులను పోటీదారునికి ఇచ్చివేసినాడు. ఆస్పీ ప్రతిగా తన ప్రాణరక్షక కవచమును, అనగా నీటిలో తేల్చు చొక్కాను, సముద్రము దాటవలసిన టాటాకు ఇచ్చినాడు. తరువాత ఎవరి దారిన వారు ఎగిరినారు. మే 11న ఆస్పీ కరాచీ చేరి బహుమానము గెలిచినాడు. టాటా గమ్యము చేరుట అతని తరువాతనే. ఆస్పీ ఇంజనీర్ 1960 నుండి 1964 వరకు భారత వాయుసేనకు అధిపతిగా ఉన్నారు. ఆ 500 పౌనుల కథను అందరును మరచిపోవచ్చును. ప్లగ్గుల కథను మరచిపోరాదు. ఆనాటి విమానపు ఇంజను ఎంత బలహీనమో, చిన్న వస్తువు లేక ఎడారిలో ఎట్లు నిలిచిపోవలసివచ్చెడిదో అది చెప్పుచున్నది. ఎక్కడ దిగినను ప్లగ్గు దొరకు ఏర్పాటు లేనిదే వేగము నమ్మదగినది కాదు.

ఆ ఏర్పాటును కల్పించు బాధ్యత ఓడినవానికే దక్కినది. నెవిల్ విన్‌సెంట్ అను వైమానికుని ప్రోత్సాహముతో టాటాలు కరాచీ–మద్రాసు తపాలా విమానమునకు ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొన్నారు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలో ‘పుస్ మాత్’ విమానమెక్కి, లండను నుండి వచ్చిన ఉత్తరాల సంచితో అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరినారు. సంచి బరువు 55 పౌనులు, అనగా 25 కిలోలు. మన ఊళ్ళ కూలివాడు భుజాన వేసికొని అవలీలగా మోయగల మూట అది. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు విమానము చెంతకు వచ్చినది ఎద్దుబండి మీద! ఆకాశయానమునకు ఎద్దులు ఇంధనము మోసినవన్న మాట.

బొంబాయి నుండి రెండవ అంకము విన్‌సెంట్‌ది. ఆయన ఆ సంచితో దక్కను పీఠభూమిని దాటి ఆనాటి మద్రాసు రాజధానిలోని బళ్ళారిలో దిగి, ఆ రాత్రి అక్కడ ఉండి, అక్టోబరు 16న మద్రాసు చేరినారు. తెలుగు, కన్నడము కలిసి వినబడు బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రములో చేరినది గాని, 1932లో ఆ విమానము దిగిన మైదానము తెలుగువారికిని తమ మైదానమే. తెలుగునాటి గడప వరకు క్రమము తప్పని తపాలా విమానము వచ్చుట అదే ప్రారంభము. కొన్నేండ్లకు ఆ మార్గము బళ్ళారిని విడిచి హైదరాబాదు మీదుగా మరలినది.

ఈ ప్రయాణములో బహుమానము లేదు, పోటీదారుడు లేడు. కాని మా దృష్టిలో ఇదియే నిజమైన బండలాగుడు. వాన వచ్చినను, మబ్బు క్రమ్మినను, సంచి వేళకు చేరవలెను. చేరకున్నచో చేరలేదని లోకమునకు తెలిసిపోవును. 1933లో ఆ విమానాలు 1,60,000 మైళ్ళు తిరిగినవి. 155 మంది ప్రయాణీకులను, 10.71 టన్నుల ఉత్తరాలను మోసినవి. వర్షకాలములో కూడ వేళ తప్పలేదని ప్రభుత్వ వైమానిక శాఖ మెచ్చుకొన్నది. 25 కిలోలతో ప్రారంభమైన మూట సంవత్సరమునకు పది టన్నులు దాటినది.

ఇక పందెపు దారి, ఉత్తరాల దారి కలిసిన చోటికి వత్తుము. 1934 అక్టోబరు 20న ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్ నుండి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నుకు ప్రారంభమైన పందెము ఆ కాలపు పందేలన్నిటిలోను పెద్దది. మిఠాయిల వ్యాపారి సర్ మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ బహుమానములిచ్చినాడు. దూరము సుమారు 11,300 మైళ్ళు, అనగా 18,200 కిలోమీటర్లు. నందిగామ–జగ్గయ్యపేట దూరమునకు ఆరువందల రెట్లు. బాగ్దాదు, అలహాబాదు, సింగపూరు, డార్విను, చార్ల్‌విల్ అను ఐదుచోట్ల తప్పక దిగవలెను. 20 విమానాలు బయలుదేరినవి.

అలహాబాదు ఈ పందెములో కొందరికి కీర్తినిచ్చినది, కొందరికి కన్నీరు మిగిల్చినది. ప్రఖ్యాత వైమానికులైన జిమ్ మాలిసన్, ఆయన భార్య ఏమీ జాన్సన్ అందరికన్న ముందు కరాచీ చేరినారు. తరువాత దారి తప్పి జబల్పూరులో దిగవలసివచ్చినది. అక్కడ విమానములకు తగిన పెట్రోలు లేదు. మోటారు వాహనాల పెట్రోలునే పోసికొని ఎగిరినందున ఇంజను చెడి అలహాబాదులో పందెము విరమించినారు. హాలెండుకు చెందిన ‘పాండర్’ విమానము అలహాబాదు చెంత బమ్‌రౌలీ మైదానములో రాత్రివేళ ఒక వాహనమునకు తగిలి కాలిపోయినది. అందులోనివారు ప్రాణాలతో బయటపడినారు. ఇటలీలో కూలిన మరొక విమానములో గిల్మన్, బెయిన్స్ అను ఇద్దరు మరణించినారు. ఎంతటి చోదకుడైనను నేలమీది ఏర్పాటు చాలకున్నచో ఆకాశములో నిలువలేడనుటకు ఇవి నిదర్శనములు.

పందెము గెలిచినది స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్ నడిపిన ‘కామెట్’ విమానము. ప్రత్యేకించి ఈ పందెము కొరకే డి హావిలాండ్ కంపెనీ కట్టినది. కొయ్యతో చేసిన సన్నని ఒడలు, రెండు ఇంజనులు. ఇద్దరు మనుష్యులు, పెట్రోలు తప్ప మరి దేనికిని అందులో చోటు లేదు. బాగ్దాదు నుండి అలహాబాదుకు మధ్య ఎక్కడను ఆగకుండ వచ్చి ముందంజ వేసినది. 71 గంటలలో మెల్‌బోర్ను చేరినది. దారిలో ఆగిన కాలము కలుపుకొన్నను మన కొలబద్ద దూరమునకు 7 నిమిషాలు మాత్రమే.

రెండవది వచ్చినది కె.ఎల్.ఎం. సంస్థవారి డి.సి.-2 విమానము. దాని పేరు ‘ఉయివర్’. డచ్చిభాషలో కొంగజాతి పక్షి పేరు. పార్మెంటియర్, మోల్ దాని చోదకులు. ఇది పందెము కొరకు కట్టినది కాదు. బజారులో ఎవరైనను కొనదగిన అమెరికా ప్రయాణీకుల విమానము. అందులో నలుగురు సిబ్బంది, టిక్కెట్టు కొన్న ముగ్గురు ప్రయాణీకులు, వేలాది ఉత్తరాలు ఉన్నవి. కుర్చీలున్నవి, భోజనమున్నది. కొలబద్ద దూరమునకు దానికి పట్టిన కాలము 9 నిమిషాలు. అనగా అన్నియు వదలుకొని వట్టిచేతులతో పరుగెత్తిన విమానమునకును, సంసారమంత సామానుతో కదలిన విమానమునకును నందిగామ–జగ్గయ్యపేటల మధ్య తేడా రెండే రెండు నిమిషాలు!

ఆ తేడాలో కొంత భాగము కూడ ఒక రాత్రి తుఫానులో పోయినది. అక్టోబరు 23 రాత్రి ఉయివర్ గమ్యమునకు కొద్ది దూరములో ఉరుములు, వాన మధ్య దారి తప్పినది. క్రింద ఆల్బరీ అను చిన్న పట్టణమున్నది. అక్కడివారు ఊరి విద్యుద్దీపాలను ఆర్పుచు, వెలిగించుచు, తంతి సంకేతములలో తమ ఊరిపేరు ఆకాశమునకు చెప్పినారు. అదే సమయమున ఆ ప్రాంతపు రేడియో కేంద్రము ప్రసారకుడు శ్రోతలకు విజ్ఞప్తి చేసినాడు: కార్లున్నవారందరు గుర్రపుపందేల మైదానమునకు పోయి దీపాలు వెలిగించి వరుసగా నిలువవలెనని. ప్రజలు నిద్ర మానుకొని, వానలో కార్లు తోలుకొని వెళ్ళినారు. ఆ వెలుతురులో అర్ధరాత్రి దాటిన పిమ్మట విమానము సురక్షితముగా దిగినది. తెల్లవారినంతనే ఊరివారు త్రాళ్ళు కట్టి బురదలో నుండి విమానమును లాగినారు. బరువు కొంత దించి, తేలిక చేసి, ఉయివర్ మరల ఎగిరి మెల్‌బోర్ను చేరినది. మొత్తము పట్టిన కాలము 90 గంటల 13 నిమిషాలు.

రేడియో వృత్తిలో ఉన్న మాకు ఈ ఘట్టము విశేషముగా స్ఫురించుట సహజము. మా వృత్తిలో రోజూ వినిపించు మాటలకు ఫలితమేమో మాకు కనబడదు. ఆ రాత్రి ఒక ప్రసారకుడు పలికిన నాలుగు మాటలకు ఏడుగురి ప్రాణాలు నిలిచినవి. కాని మాటలు చాలవు. విని, లేచి, కార్లు తీసిన శ్రోతలు కావలెను. సురబాయాలో చాపలు తెచ్చినవారు, అహమ్మదాబాదులో పెట్రోలు బండి తోలినవాడు, ఆల్బరీలో దీపాలు వెలిగించినవారు — ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకున్నను ఆ ఘనకార్యాలు జరిగెడివి కావు.

ఉయివర్‌కు హాండికాప్ విభాగమున మొదటి బహుమానము దక్కినది. విమానపు ఇంజను శక్తిని, అది మోయు బరువును లెక్కకట్టి గెలుపు నిర్ణయించు విభాగమది. మన బండలాగుడు న్యాయమే దూరదేశములో మరొక పేరుతో అమలు జరిగినదని చెప్పవచ్చును. అయితే ఆ విజయము కూడ విషాదము లేనిది కాదు. రెండు నెలలు తిరుగకుండనే, 1934 డిసెంబరు 20న, పండుగ ఉత్తరాలతో బటేవియాకు పోవుచు ఉయివర్ ఇరాకు ఎడారిలో తుఫానులో కూలినది. అందులో ఉన్న ఏడుగురును మరణించినారు. తపాలా దారి పందెపు దారికన్న సురక్షితమని ఎవరైనను తలచినచో ఆ ఏడుగురు కాదని చెప్పుచున్నారు. వేళకు చేర్చవలెనన్న పట్టుదలకు చెల్లించిన వెల తక్కువది కాదు.

పందేల వలన ప్రయోజనమేమున్నదని ఆనాడును అడిగినవారున్నారు. వారి ప్రశ్న న్యాయమైనదే. కామెట్ వంటి వేగవిమానములు చేయు విద్య తరువాత యుద్ధవిమానాలకే ఎక్కువగా ఉపకరించినది. అదే కంపెనీ కొయ్యతో కట్టిన ‘మస్కిటో’ రెండవ ప్రపంచయుద్ధములో ప్రసిద్ధి కెక్కినది. ఉయివర్ వంశము మరొక దారి పట్టినది. డి.సి.-2కు తమ్ముని వంటి డి.సి.-3 1935 డిసెంబరు 17న తొలిసారి ఎగిరినది. దానినే డకోటా అందుము. యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిపోయిన డకోటాలు అనేక దేశాలకు చవకగా దొరకినవి. 1945లో నిజాము ప్రభుత్వము, టాటాలు కలిసి స్థాపించిన దక్కను ఎయిర్‌వేస్ బేగంపేట నుండి నడిపినది ఆ డకోటాలనే. ఆ సంస్థ 1953 ఆగస్టు 1న ఏర్పడిన ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది. మెల్‌బోర్ను పందెములో బరువు మోసి నెగ్గిన విమానపు సోదరులే తెలుగువారిని, వారి ఉత్తరాలను మోసినవని ఇందువలన తేలుచున్నది.

ఇంక ఒక్క మెట్టు మిగిలినది. 1949 జనవరిలో రాత్రి తపాలా విమానాలు ప్రారంభమైనవి. బొంబాయి, కలకత్తా, దిల్లీ, మద్రాసుల నుండి బయలుదేరిన విమానాలు నడిరాత్రి నాగపూరులో కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారకముందే వెనుదిరిగెడివి. ఆ సంవత్సరము ఏప్రిలు 1 నుండి, అదనపు రుసుము లేకుండనే దేశములోని ఉత్తరాలను వీలున్న మేరకు విమానములో పంపు పద్ధతి వచ్చినది. అంతకు పూర్వము విమానపు ఉత్తరమనగా కలవారి వ్యవహారము. ప్రత్యేకపు రుసుము కట్టవలెను, కవరు మీద ప్రత్యేకముగా వ్రాయవలెను. ఆ రోజు నుండి ఆ భేదము పోయినది.

దీని అర్థము మన ఊళ్ళలో ఏమైనదో ఆలోచింతము. నందిగామలో గాని, జగ్గయ్యపేటలో గాని ఒక తల్లి దిల్లీలో ఉద్యోగము చేయు కుమారునికి మామూలు బిళ్ళ అంటించిన కవరును తపాలాపెట్టెలో వేసినదనుకొందము. ఆ ఉత్తరము మోటారుబస్సు మీద బెజవాడ చేరినది, రైలెక్కినది, విమానమార్గము కలిసివచ్చిన చోట విమానమెక్కి, ఏ నడిరాత్రియో నాగపూరులో ఒక సంచి నుండి మరొక సంచిలోకి మారినది. ఆ తల్లికి ఈ సంగతి తెలియనే తెలియదు. ఆమె పౌలాన్ పేరు విన్నది కాదు, ఆస్పీ ప్లగ్గుల మాట విన్నది కాదు. కుమారుని జవాబు మునుపటికన్న రెండు రోజులు ముందుగా వచ్చినదని మాత్రము గమనించియుండును.

ఈ రెండు ఊళ్ళు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. ఉత్తరాలు వ్రాయుటయే అరుదైనది. రెండవ ప్రపంచయుద్ధకాలములో ఏర్పడిన గన్నవరపు విమానాశ్రయమునకు ఈ మెట్టసీమ నుండి పోయి విమానమెక్కి దేశాంతరములు తిరిగివచ్చు యువతీయువకులకు జబల్పూరు పెట్రోలు భయము లేదు, అబూకిర్ ప్లగ్గుల చింత లేదు. వారు ఎక్కు విమానము పందెము గెలువదు, గెలువనక్కరలేదు. చెప్పిన వేళకు, ఎక్కించుకొన్నవారినందరిని క్షేమముగా దింపిన చాలును. 1934లో రెండు నిమిషాలు వెనుకబడి వచ్చిన విమానము లోకమునకు నేర్పిన పాఠము అదే.